బటన్ వదిలే ముందు

ప్రసన్నా,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. నీకు హ్యామ్ లైసెన్సు, అదే సొంత రేడియో సెట్టుతో మాట్లాడే అనుమతి, వచ్చిందని ఒక్క ముక్కలో చెప్పి, నవంబరులో వాయుగుండం పడితే రేడియో పట్టుకొని వాలంటీరుగా పోతానంటా ఉండావని అరగంట చెప్పింది. "పిల్లను నువ్వే చెడగొట్టినావు అన్నా" అని చివరకు నా మీదికే వచ్చింది. నేనేమీ మాట్లాడలా. ఫోన్ పెట్టేసి పోయి, మా మేనకోడలికి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో పిలిచే పేరు, వచ్చిందని పక్కింటాయనకు చెప్పొచ్చినా. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా చెప్పినా.

సామాను సంగతి నీకు తెలిసిందే. చేతి సెట్టు, అదనంగా ఒక బ్యాటరీ, బైకు బ్యాటరీ నుంచి చార్జి చేసుకునే తీగ, ప్లాస్టిక్ కవరులో లైసెన్సు జిరాక్సు. రాసుకోవడానికి పెన్సిలు పెట్టుకో, తడిసిన కాగితం మీద పెన్ను రాయదు. సెట్టుతో పాటు వచ్చే ఆ పొట్టి రబ్బరు యాంటెన్నాను మాత్రం నమ్ముకోవద్దు. 145 మెగాహెర్ట్జ్‌కు తరంగం పొడవులో పావు వంతు అంటే అర మీటరు. నిలువుగా అంత కడ్డీ ఒకటి, కింద నాలుగు, మధ్యలో ఒక సాకెట్టు. ఇంట్లోనే చేసుకోవచ్చు. దాన్ని మిద్దె మీద పెట్టి చూడు, అదే 5 వాట్ల సెట్టు ఎంత దూరం పోతుందో.

రేణిగుంట, చంద్రగిరి వైపు దాంతోనే మాట్లాడొచ్చు. శేషాచలం అవతల రాజంపేట వైపు పోవాలంటే ఈ 145 మెగాహెర్ట్జ్ తరంగం, వీహెచ్‌ఎఫ్ అంటారే, అది కొండకు కొట్టుకొని ఆగిపోతుంది. దానికి 7 మెగాహెర్ట్జ్ కావాల. 20 మీటర్ల తీగను మరీ ఎత్తున కాకుండా మూడు నాలుగు మీటర్ల మీద కడితే మాట నిలువుగా పైకి పోయి, ఆకాశంలో పైపొరకు తగిలి కొండ అవతల దిగుతుంది. అది కూడా పగటి పూటే. పొద్దుగూకినాక ఢిల్లీ వాళ్లు పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తారు, పక్క జిల్లా వాడు మాయమైపోతాడు. ఆ పని నాకొదిలెయ్. నువ్వు ఊళ్లో సమాచారం వీహెచ్‌ఎఫ్‌లో నాకందించు, కొండ దాటించేది నేను చూసుకుంటా.

ఇంక నిన్ను కూర్చోబెట్టి చెప్పాల్సింది ఒకటుంది. ఊరి పేరు చెప్పను, ఆ మనుషులు ఇంకా ఉండారు. చానా ఏండ్ల కిందట, కార్తీకంలో జడివాన. చెరువు కట్ట మీద మా జట్టు పిల్లోడు ఒకడు సెట్టు పట్టుకొని నిలబడినాడు. కింద ఊళ్లో పంచాయతీ ఆఫీసులో మా జట్టు పెద్దాయన. నేను ఇంట్లో కూర్చొని ఇద్దరినీ వింటా ఉండా. నడిరేయి దగ్గర పడతా ఉండగా పెద్దాయన అడిగినాడు, కట్ట ఎట్టుందని. "తూము కాడ కారతా ఉంది, కట్ట తెగలా" అన్నాడు పిల్లోడు. అన్నాడని మాకు మరుసటి రోజు తెలిసింది. ఆ రాత్రి నాకు వినిపించింది "కట్ట తెగ" వరకే, ఆపైన బుస్సుమని శబ్దం. చలికి వేలు జారిందో, వాడి తొందరో, నొక్కి పట్టుకుంటేనే మాట పోయే బటన్‌ను మాట ముగియకముందే వదిలేసినాడు.

పెద్దాయనకూ అంతే వినిపించింది. భయంలో ఉండే మనిషి మిగతా ముక్క తనే పూరించుకుంటాడు. "మళ్లీ చెప్పు" అనలా. సెట్టు బల్ల మీద పెట్టి బయటికి ఉరికినాడు. నేను పిలుస్తానే ఉండా, పలికేవాడు లేడు. కాసేపట్లో ఊరంతా పిల్లాజెల్లాతో చీకట్లో గుట్ట దిక్కు పరిగెత్తింది. కాలవ దాటుతా ఒక ముసలమ్మ పడి తుంటి విరిగింది. కట్టేమో తెల్లవార్లూ నిలబడే ఉంది. తర్వాత ఒకసారి నిజంగానే ఖాళీ చేయమంటే ఆ ఊళ్లో సగం మంది కదల్లా. "మీ రేడియో మాట మాకు తెలీదా" అన్నారు.

అందరూ పిల్లోణ్ణి తిట్టినారు. నా లెక్కలో వాడిది సగం తప్పు కూడా కాదు. విన్నది విన్నట్టు తిరిగి చదివి వినిపించి, "అవును" అనిపించుకోకుండా లేచిన వాడిదే పెద్ద తప్పు. ఎంత అర్జంటైనా సరే, కాగితం మీద రాయి, టైము వెయ్యి, తిరిగి చదువు. బటన్ నొక్కి ఒక క్షణం ఆగు, చెప్పినాక ఒక క్షణం ఆగి వదులు. "తెగలేదు", "రాలేదు" అని చివర్లో తేలే మాటలు వద్దు. "కట్ట భద్రం" అను. ఇరవై, అరవై గోలలో ఒకటే మాదిరి వినిపిస్తాయి, "రెండు సున్నా" అను. కొత్తపల్లె అని ఊరికే అంటే ఏ కొత్తపల్లె? మండలం కూడా చెప్పాల.

నీకు మాట తొందర. చిన్నప్పుడు అంగడికి పంపితే సగం వినకుండానే పరిగెత్తేదానివి. ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చి, నేను నవ్వితే అలిగి మంచం కింద దూరేదానివి. అప్పుడు నువ్వేం తెచ్చినా మాకు ముద్దుగానే ఉండేది. అందుకే ఆదివారం రాత్రి 9కి సెట్టు మీదికి రా. పది ఊళ్ల పేర్లు, పది అంకెలు చెప్తా, రాసుకొని తిరిగి చదువు. తప్పులు లేకుండా వచ్చేదాకా నిన్ను ఏ కట్ట మీదికీ పోనిచ్చేది లేదు. లైసెన్సులో పై మెట్టు, జనరల్ గ్రేడుకు కూడా చదువు. నిమిషానికి 8 మాటల మోర్స్ పెద్ద కష్టమేం కాదు. గొంతు అందని చోట కూడా చుక్కా గీతా అందుతాయి.

మీ అమ్మ "ఈ ఫోన్ల కాలంలో ఇదెందుకు" అంటే 2021 నవంబరు గుర్తుచెయ్. ఘాట్ రోడ్లు మూసేసినారు, తిరుపతి వీధులు కాలవలైనాయి, రాయలచెరువు కట్ట కింద ఊళ్లు ఖాళీ చేయించినారు. టవరు కింద బ్యాటరీ, జనరేటరులో డీజిలు ఉన్నంతసేపే ఫోను. 2004లో హ్యామ్ భారతీ ప్రసాద్ గారి జట్టు దూరదేశాల హ్యాములతో మాట్లాడే సరదా కోసమే అండమాన్‌కు పోయింది. డిసెంబరు 26న సునామీ వచ్చినాక, పోర్ట్ బ్లెయిర్ నుంచి మనుషుల క్షేమ సమాచారం బయటికి పంపింది ఆ సరదా సెట్లతోనే.

కట్టలకన్నా నాకు మీ మిద్దె మీదే భయం. యాంటెన్నా కోసం జీఐ పైపు ఎత్తుతావు. పైపు ఒరిగితే ఎటు పడుతుందో నీ చేతిలో ఉండదు. పైపు పొడవుకు రెట్టింపు దూరంలోపల కరెంటు తీగ ఏదున్నా అక్కడ పైపు ఎత్తొద్దు. ఒక్కదానివే ఎత్తొద్దు. ఉరుము వినిపిస్తే కేబులు పీకి ఇంటి బయట పడెయ్, ఎవరితో మాట్లాడతా ఉన్నా సరే. ఎవరి పని వాళ్లకు ముఖ్యమే, నాకు నువ్వు ముఖ్యం.

మీ వీధిలో 11 కేవీ లైను మిద్దెకు ఎంత దూరంలో ఉందో నాలుగు దిక్కుల ఫోటోలు తీసి ఈ రోజే పంపు. అవి చూసి నేను సరేనన్నాకే పైపు కొను. కాల్‌సైన్ కూడా రాసి పంపు, మీ అమ్మ చెప్తే అక్షరాలు సరిగ్గా వినిపించలా.

మీ మామ