పరీక్షలన్నీ మాక్ ప్రొవైడర్ మీదే నడపవచ్చా?

మీరు అడిగినవి రెండు సంగతులు. టెర్రాఫార్మ్ (క్లౌడ్ వనరులను కోడ్‌గా రాసి తయారు చేయించే సాధనం) మాడ్యూల్ పరీక్షలు నడిపిన ప్రతిసారీ క్లౌడ్‌లో నిజమైన వనరులు తయారై కాలమూ ఖర్చూ పెరుగుతున్నాయి కనుక అన్నింటినీ మాక్ ప్రొవైడర్ మీదికి మార్చేయవచ్చా అన్నది ఒకటి. (ప్రొవైడర్ అంటే టెర్రాఫార్మ్‌ను ఒక క్లౌడ్‌తో కలిపే ప్లగిన్, మాక్ అంటే పరీక్షల కోసం దాని స్థానంలో నటించేది.) అలా మార్చి చూసినప్పుడు ఐఏఎమ్ రోల్ (ఏడబ్ల్యూఎస్‌లో అనుమతులు కట్టిపెట్టే గుర్తింపు) దగ్గర పాలసీ జేసన్, అంటే ఆ అనుమతులను రాసిన పాఠం, చెల్లదన్న లోపం ఎందుకు వస్తోందన్నది రెండోది. రెండోదానికి జవాబు తేలిక కాబట్టి ముందు దాన్ని చెప్పి, ఆపైన మొదటిదానికి వస్తాను. ఆ మొదటి పని మేము చేసి, దెబ్బతిని, సగం వెనక్కి తీసుకున్నాం.

టెర్రాఫార్మ్ 1.6తో, అంటే 2023 అక్టోబరులో, టెస్ట్ కమాండ్ ఇప్పుడున్న రూపంలో వచ్చింది. 2024 జనవరిలో వచ్చిన 1.7లో దానికి మాక్ ప్రొవైడర్ బ్లాక్ తోడైంది. మాక్ అనగానే ప్రొవైడర్ మొత్తం పక్కకు తప్పుకుంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అసలు ప్రొవైడర్ స్కీమా, అంటే ఏ వనరుకు ఏ గుణాలు ఉంటాయో చెప్పే వివరణ, అలాగే ఉంటుంది. అందుకే ఇనిట్ (ప్రాజెక్టును సిద్ధం చేసే కమాండ్) చేసినప్పుడు ప్రొవైడర్‌ను డౌన్‌లోడ్ చేసుకోక తప్పదు, మీరు రాసిన ఆర్గ్యుమెంట్లను ఆ ప్రొవైడర్ తన నియమాల ప్రకారం తనిఖీ చేయడమూ ఆగదు. ఆగేది క్లౌడ్‌తో మాట్లాడే భాగం మాత్రమే, కాబట్టి లాగిన్ వివరాలు అక్కర్లేదు. క్లౌడ్ తిరిగి ఇవ్వాల్సిన విలువలను, అంటే స్కీమాలో కంప్యూటెడ్ అని గుర్తు పెట్టినవాటిని, టెర్రాఫార్మ్ తానే కల్పిస్తుంది: స్ట్రింగ్ అయితే ఎనిమిది అక్షరాల అర్థంలేని పదం, సంఖ్య అయితే 0, బూలియన్ అయితే ఫాల్స్, జాబితాలూ మ్యాపులూ అయితే ఖాళీగా.

ఇప్పుడు మీ లోపం అర్థమవుతుంది. ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్‌లో ఐఏఎమ్ పాలసీ డాక్యుమెంట్ ఒక డేటా సోర్స్ (వనరును తయారు చేయకుండా సమాచారం మాత్రమే ఇచ్చేది), దాని జేసన్ అనే గుణం కంప్యూటెడ్. మాక్ అక్కడ ఎనిమిది అక్షరాల చెత్త పదాన్ని పెడుతుంది, ఆ పదం రోల్‌లోకి చేరగానే ఇంకా పనిచేస్తూనే ఉన్న అసలు తనిఖీ ఇది జేసన్ కాదని అడ్డుపడుతుంది. మాక్ ప్రొవైడర్ బ్లాక్ లోపల ఆ డేటా సోర్స్‌కు ఒక మాక్ డేటా బ్లాక్ రాసి, దాని డిఫాల్ట్స్‌లో చెల్లుబాటయ్యే చిన్న జేసన్ స్ట్రింగ్ ఇస్తే లోపం పోతుంది. అయితే అంతటితో ఆగవద్దని నా సలహా. ఆ డేటా సోర్స్ నిజంలో క్లౌడ్‌ను అడిగేదేమీ లేదు, మీరిచ్చిన స్టేట్‌మెంట్లను మీ యంత్రంలోనే జేసన్‌గా కూర్చుతుంది. అయినా మాక్‌కు ఆ తేడా తెలియదు, డేటా సోర్స్ అయితే చాలు, కల్పించేస్తుంది. దాంతో మీ మాడ్యూల్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా పరీక్షించాల్సిన పాలసీ పాఠమే పరీక్షకు అందకుండా పోతుంది. మేము ముఖ్యమైన పాలసీలను డేటా సోర్స్ నుంచి తీసి జేసన్‌ఎన్‌కోడ్ ఫంక్షన్‌తో లోకల్స్‌లో (మాడ్యూల్ లోపల పేరుపెట్టుకున్న విలువల్లో) రాసుకున్నాం. అది భాషలోని ఫంక్షన్ కాబట్టి మాక్ దాని జోలికి రాదు, ఏ యాక్షన్‌కు ఏ రిసోర్స్ మీద అనుమతి ఇచ్చామో పరీక్షలో షరతును సరిచూసే అసర్ట్ బ్లాక్‌లో సూటిగా చూసుకోవచ్చు.

ఇదే గొడవ ఏఆర్ఎన్‌ల (ఏడబ్ల్యూఎస్ వనరులకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు పేర్ల) దగ్గర ఇంకొంచెం ఆలస్యంగా వస్తుంది. డేటా సోర్స్ విలువలు ప్లాన్‌లోనే (ఏమేం మారుతుందో ముందుగా లెక్కించే దశలో) కల్పితమవుతాయి, రిసోర్స్‌ల కంప్యూటెడ్ విలువలు మాత్రం మామూలుగా అప్లై (ఆ మార్పులను అమలు చేసే దశ) దాకా తెలియనివిగానే ఉంటాయి. అందువల్ల లోడ్ బ్యాలెన్సర్ ఏఆర్ఎన్‌ను లిజనర్‌కు అందించే మాడ్యూల్ ప్లాన్‌లో సాఫీగా సాగి, అప్లైలో ఏఆర్ఎన్ చెల్లదంటూ ఆగుతుంది. రన్ బ్లాక్‌లో, అంటే టెస్ట్ ఫైల్‌లోని ఒక్కో పరీక్ష అడుగులో, కమాండ్ ఏదో చెప్పకపోతే అప్లై అనే అర్థం కనుక, మీకు ఇది త్వరలోనే ఎదురవుతుంది. ఇక్కడ మాక్ రిసోర్స్ డిఫాల్ట్స్‌లో నిజమైన ఆకారం గల ఏఆర్ఎన్ ఇవ్వాలి. ఒక్క చోటే కావాలంటే ఆ రన్ బ్లాక్‌లో ఓవర్‌రైడ్ రిసోర్స్ చాలు. ప్లాన్‌లోనే ఆ విలువ తెలియాలనుకుంటే 1.11 నుంచి ఓవర్‌రైడ్ డ్యూరింగ్ అనే సెట్టింగ్ ఉంది.

ఇక మొదటి ప్రశ్న. మా నెట్‌వర్క్ మాడ్యూల్ పరీక్షలు ఒకప్పుడు అన్నీ నిజమైన వనరుల మీదే నడిచేవి. ఒకసారి పరీక్ష చివర తొలగింపు విఫలమై, ఒక నాట్ గేట్‌వే (ప్రైవేటు నెట్‌వర్క్ నుంచి ఇంటర్నెట్‌కు దారి ఇచ్చేది) మిగిలిపోయింది. గంటల లెక్కన బిల్లు పడే ఆ వస్తువును రెండు రోజుల దాకా ఎవరమూ చూడలేదు. ఆ చిరాకులో నేనే ముందుండి పరీక్షలన్నింటినీ మాక్ మీదికి మార్చాను. నిమిషాలు పట్టేవి సెకన్లలో ముగిశాయి, అందరమూ సంతోషించాం.

కొన్ని వారాల తర్వాత సబ్‌నెట్‌లు (నెట్‌వర్క్‌లోని చిన్న భాగాలు) సరిపోవడం లేదని, /24 వీపీసీని (క్లౌడ్‌లోని మన ప్రైవేటు నెట్‌వర్క్‌ను; గీత తర్వాతి సంఖ్య పెరిగేకొద్దీ చిరునామాలు తగ్గుతాయి) విభజించే సిడర్‌సబ్‌నెట్ ఫంక్షన్‌లో అదనపు బిట్లను 4 నుంచి 5కు పెంచాం. పదహారు సబ్‌నెట్‌ల చోట ముప్పై రెండు వచ్చాయి. పరీక్షలన్నీ పాసయ్యాయి, ఎందుకంటే అవి అడిగిన ప్రతిదీ నిజమే: ముప్పై రెండు ఉన్నాయా, ఒకదానిపై ఒకటి పడకుండా ఉన్నాయా, పేర్లూ ట్యాగులూ పద్ధతి ప్రకారం ఉన్నాయా. కాని ఆ సబ్‌నెట్‌లు /29వి. ఏడబ్ల్యూఎస్‌లో ఐపీవీ4 సబ్‌నెట్ /16 నుంచి /28 లోపలే ఉండాలి, పైగా ప్రతి సబ్‌నెట్‌లో ఐదు చిరునామాలను అదే అట్టిపెట్టుకుంటుంది కాబట్టి ఎనిమిది చిరునామాల సబ్‌నెట్‌కు పెద్ద అర్థమూ లేదు. ప్రొవైడర్ తనిఖీ అది సరైన సిడర్ (చిరునామాల పరిధిని ఇలా గీత, సంఖ్యతో రాసే పద్ధతి) రూపమేనా అని చూసిందే తప్ప పరిమాణం జోలికి పోలేదు, ఆ పరిమితిని అమలు చేసేది అవతలి వైపు ఏపీఐ. మాక్‌లో ఆ అవతలి వైపే లేదు. తప్పు స్టేజింగ్‌లో (విడుదలకు ముందు సరిచూసుకునే వాతావరణంలో) అప్లై చేసిన రోజు బయటపడింది. నిజమైన వనరుల మీద ఒక్క పరీక్ష మిగుల్చుకుని ఉన్నా ముందురోజే దొరికేది.

అప్పటి నుంచి క్లౌడ్ వైపు నుంచి వచ్చిన ప్రతి తిరస్కరణను మాడ్యూల్‌లోనే ఒక నియమంగా రాసుకుంటున్నాం. సబ్‌నెట్ రిసోర్స్‌కు మాస్క్ (గీత తర్వాతి సంఖ్య) 28 దాటకూడదని ప్రీకండిషన్, అంటే ముందస్తు షరతు, పెట్టి, తప్పుడు ఇన్‌పుట్ ఇచ్చినప్పుడు అది తప్పక విఫలం కావాలని ఎక్స్‌పెక్ట్ ఫెయిల్యూర్స్‌తో మాక్ మీదే పరీక్ష రాశాం. ఇలాంటి రన్ బ్లాక్‌లో కమాండ్‌ను ప్లాన్ అని స్పష్టంగా చెప్పాలి. డిఫాల్ట్ అప్లైకి వదిలేస్తే ప్లాన్‌లోనే వైఫల్యం వచ్చి అప్లై మొదలే కాదు, అప్పుడు మీరు ఆశించిన వైఫల్యమే వచ్చినా పరీక్ష తప్పినట్లే లెక్క. నేను దీని మీద ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను.

మాక్ చూడలేనిది ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మార్పు వచ్చినప్పుడు ఒక వనరును ఉన్నచోటే సవరించాలా, తొలగించి మళ్లీ తయారు చేయాలా అన్న నిర్ణయం ప్రొవైడర్ ప్లాన్ దశలో చేసేది. మాక్ ఆ దశను ప్రొవైడర్‌కు అప్పగించదు. సబ్‌నెట్ అవైలబిలిటీ జోన్ మారిస్తే నిజంలో పాతది పోయి కొత్తది వస్తుంది, మాక్ మీద వరుసగా రెండు రన్ బ్లాకులు నడిపితే అది మామూలు సవరణలా జరిగిపోతుంది. కాబట్టి డేటాబేస్ తొలగిపోకూడదన్నది మీ భయమైతే దాన్ని మాక్ పరీక్షతో తీర్చుకోలేరు. బకెట్ పేరు వేరొకరు తీసుకుని ఉండటం, కోటా నిండిపోవడం, అనుమతులు చాలకపోవడం వంటివి ఎటూ దానికి అందవు.

మరి మాక్ దేనికి? మీరు రాసిన తర్కానికి. ఒక వనరును ఎన్ని కాపీలుగా తయారు చేయాలో చెప్పే కౌంట్ షరతులు, ఫర్ ఈచ్ కీలు, లోకల్స్‌లో మ్యాపులను కలిపే తీరు, ఇన్‌పుట్ వ్యాలిడేషన్లు, అవుట్‌పుట్ ఆకారం, ఒక వేరియబుల్ ఆపేస్తే దానికి సంబంధించిన వనరులన్నీ నిజంగా మాయమవుతున్నాయా అన్న విషయం: మా లోపాల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉండేవి. జాగ్రత్త పడాల్సిందల్లా మాక్‌కు మీరే ఇచ్చిన విలువను తిరిగి అసర్ట్ చేయకుండా ఉండటం. మాక్ డిఫాల్ట్స్‌లో ఒక ఐడీ రాసి, అవుట్‌పుట్ ఆ ఐడీతో సమానమా అని చూసే పరీక్షలు మా దగ్గర చాలానే పోగయ్యాయి. వాటిలో కొన్ని అవుట్‌పుట్ సరైన వనరుకు కలిసిందో లేదో తేల్చేవి కాబట్టి ఉంచాం, మిగతావి మేము రాసినదాన్ని మాకే చదివి వినిపించేవి కాబట్టి తీసేశాం.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. ప్రతి మార్పుకూ మాక్ పరీక్షలు నడుస్తాయి, వాటికి క్లౌడ్ ఖాతా అసలు తెలియదు. నిజమైన వనరుల పరీక్షలు కొన్నే వేరే డైరెక్టరీలో ఉండి, రోజుకొకసారీ, విడుదలకు ముందూ, విడిగా కేటాయించిన ఖాతాలో నడుస్తాయి. అవసరమైతే ఒకే ఫైల్‌లో అసలు ప్రొవైడర్‌ను, ఏలియస్ (వేరే పేరు) పెట్టిన మాక్‌ను రెంటినీ ఉంచి, ఏ రన్ బ్లాక్‌కు ఏది కావాలో ప్రొవైడర్స్‌లో చెప్పవచ్చు. పదేపదే వాడే ఏఆర్ఎన్‌లూ జేసన్‌లూ ప్రత్యేక మాక్ ఫైల్‌లో పెట్టి సోర్స్ ద్వారా పంచుకుంటాం.

మీరు ఓపెన్‌టోఫు (టెర్రాఫార్మ్ నుంచి చీలిన ఓపెన్ సోర్స్ రూపం) వాడుతున్నా ఇదంతా దాదాపు వర్తిస్తుంది, అందులో మాక్ ప్రొవైడర్లు 1.8లో వచ్చాయి. మామూలు ప్రోగ్రామింగ్ భాషల్లో ఇదే పని చేయించే పులూమీలో పద్ధతి వేరు, అక్కడ ఐడీ, స్థితి రెండూ ఏమి తిరిగి ఇవ్వాలో మాక్ ఫంక్షన్‌లో మీరే రాయాలి.

మీ రిపాజిటరీలో అయితే ముందుగా ఐఏఎమ్ మాడ్యూల్ పాలసీలను జేసన్‌ఎన్‌కోడ్‌లోకి మార్చి, రోల్‌కు ప్లాన్ పరీక్ష ఒకటి మాక్ మీద రాయండి. ఇప్పుడున్న నిజమైన పరీక్షల్లో మాత్రం నెట్‌వర్క్‌వి ఒకటి రెండు తీసేయకుండా ఉంచండి.