క్లోరిన్ గది తాళం చేతికొచ్చిన మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి వాటర్ వర్క్స్‌లో నీళ్ళు శుద్ధిచేసే క్లోరిన్ గది బాధ్యత నీకు అప్పగించారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఆ పనిలోనే తల పండినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

నువ్వు పగలు అక్కడ ఉంటావు, సరే. రాత్రి షిఫ్టులో ఇద్దరే ఉన్నప్పుడు లీకైతే వాళ్ళు ముందు ఏం చెయ్యాలి? అడిగిన వెంటనే వాళ్ళ నోటి నుంచి జవాబు రాకపోతే, బీరువాలో ఎంత లావు ఫైలున్నా నీ దగ్గర ప్లాన్ లేనట్టే. కాబట్టి ముందు ఆ ఇద్దరితో మొదలుపెట్టు.

ఒక టన్నర్‌లో, అంటే ఆ పెద్ద ఉక్కు సిలిండరులో, 900 కిలోల క్లోరిన్ ఉంటుంది. ద్రవంగా బయటికొస్తే దాదాపు 460 రెట్ల గ్యాసవుతుంది. అది గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేలబారున పాకుతూ పల్లానికి పోతుంది. మీ దగ్గర పల్లమంటే మహేంద్రతనయ నది ఒడ్డే కదా! కార్తీకంలో తెల్లారకముందే మనవాళ్ళు స్నానాలకు దిగుతారు, పున్నమి నాడు ఒడియా వాళ్ళు పడవలు వదలడానికి పిల్లాపాపలతో వస్తారు. ఆ వేళ గాలి కదలదు, చలికి గ్యాస్ పైకి లేవదు. అందుకే ఆ నెలంతా రాత్రి షిఫ్టుకు ఒక మనిషిని అదనంగా అడుగు. గాలి ఎటు వీస్తోందో గేటు దగ్గరి నుంచే కనిపించేలా గాలిసంచి కట్టించు. గాలికి ఎదురుగా, మెరక వైపు పొమ్మని అందరికీ నేర్పు.

లీకు పట్టడానికి అమ్మోనియా సీసా ఎప్పుడూ దగ్గరుండాలి. ఆవిరి తగిలేలా మూత తీసి వాల్వు చుట్టూ మెల్లగా తిప్పితే, కారుతున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. ద్రావణం మాత్రం ఇత్తడి మీద పడకూడదు, తినేస్తుంది. టన్నర్‌ను రెండు వాల్వులూ ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చేలా పడుకోబెట్టాలని నీకు తెలుసు. పైదాంట్లో గ్యాస్, కిందిదాంట్లో ద్రవం వస్తాయి. చిల్లు పడి ద్రవం కారుతుంటే, వీలైతే ఆ చోటు పైకొచ్చేలా దొర్లించాలి. అప్పుడు గ్యాసే పోతుంది, ద్రవంగా కారేదానికన్నా అది చాలా తక్కువ. నీళ్ళు మాత్రం పొయ్యనివ్వకు. ఫైర్ వాళ్ళకు కూడా ఇది ముందే చెప్పిపెట్టు. తడి క్లోరిన్ ఇనుమును తినేసి చిల్లును పెద్దది చేస్తుంది. టన్నర్ కలిపే ప్రతిసారీ కొత్త లెడ్ వాషర్ వెయ్యమను, పాతది బాగున్నట్టే కనిపించినా సరే. వాల్వు బిగుసుకుందని స్పానర్‌కు పైపు తొడిగి తిప్పేవాణ్ణి అక్కడికక్కడే ఆపు.

గాలి సిలిండరు ఉన్న మాస్కు క్లోరిన్ గది బయట ఉండాలి. లోపల పెట్టి తాళం వేస్తే ఎవరికీ పనికిరాదు. గాలిని వడకట్టే డబ్బా మాస్కు తప్పించుకోవడానికే, లీకు ఆపడానికి కాదు. ఒంటరిగా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. ఇద్దరు లోపల, ఇద్దరు బయట. రాత్రి ఉన్నది ఇద్దరే కాబట్టి వాళ్ళ పని అలారం కొట్టి, బయటికొచ్చి, ఫోన్ చెయ్యడమే. ధైర్యవంతుడని పేరున్నవాడికి ఈ మాట మరీ గట్టిగా చెప్పు, ముందు పడిపోయేది వాడే.

ఫోన్ సంగతి ఇంకొకటుంది. ఆంధ్రలోని పాతపట్నం పక్కనే ఉంది కాబట్టి 112 కొడితే అవతలి రాష్ట్రానికి తగలొచ్చు. మన పోలీసు, ఫైర్ స్టేషన్, ఆసుపత్రి నేరు నంబర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. గాలి అటు వీస్తే పాతపట్నం వాళ్ళకూ చెప్పాలి, ఆ నంబర్లూ ఉండాలి. బోర్డు ఒడియాలో ఒక్కటే సరిపోదు, తెలుగులోనూ కావాలి. సంతకు దిగే సవరలకు మైకులో వాళ్ళ భాషలోనే చెప్పగలిగే మనిషిని ఇప్పుడే చూసుకో.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గజపతి జిల్లాలో కరెంటు, రోడ్లు ఏమయ్యాయో చూశావు. కారిన గ్యాసును లాగి కాస్టిక్ సోడా నీళ్ళలో ఇంకించే స్క్రబ్బరు బ్లోయరు కరెంటు లేకపోతే తిరగదు. జనరేటరుకు దాన్ని కలిపారో లేదో ఈ వారంలోనే చూడు. తుపాను హెచ్చరిక రాగానే టన్నర్ వాల్వులు మూసేసి, బ్లీచింగ్ పౌడరుకు మారేలా సరుకు సిద్ధంగా పెట్టుకో. చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలితే చాలు. ఆ పౌడరు బస్తాలు పటిక దగ్గర పెట్టనివ్వకు.

గ్యాస్ పీల్చినవాడు కాసేపటికి లేచి, బాగానే ఉన్నానంటాడు. నమ్మొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తర్వాత కూడా జరగొచ్చు. నడిపించకుండా, కళ్ళు 15 నిమిషాలు మంచి నీళ్ళతో కడిగి, ఆసుపత్రిలో చేర్పించి, ఆ రాత్రి అక్కడే ఉంచమని డాక్టరుగారిని అడుగు.

ఇట్లు,
మామయ్య