సూడాన్ శరణార్థులకు విజయవాడ నుంచి పాత బట్టలు పంపొచ్చా?

సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి పక్కనున్న చాద్‌లో తలదాచుకున్నవాళ్ల కోసం కాలేజీలో బట్టలు, దుప్పట్లు పోగుచేస్తున్నామని, ధర్నా చౌక్‌లో శాంతి ప్రదర్శన కూడా పెడితే ఉపయోగమేనా అని అడిగారు. ముందు బట్టల సంగతి. వద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు సింగ్ నగర్‌లో సాయానికి తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. బట్టల మూటలు వచ్చిపడ్డాయి. హుక్కులు ఊడిన జాకెట్లు, జిప్పుల్లేని ప్యాంట్లు, ఒకదాంట్లో పెళ్లి షేర్వానీ! జనం అడిగింది మంచినీళ్లు, పాలపొడి, శానిటరీ ప్యాడ్లు. మాకేమో మూటలు విప్పి ఏరడంతోనే పూటంతా గడిచిపోయేది. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాటికే ఈ గతి. చాద్‌కి సముద్రమే లేదు. ఓడలో వెళ్లిన సరుకు సాధారణంగా కామెరూన్‌లోని డౌలా రేవులో దిగి, చాద్ దేశమంతా దాటుకుని తూర్పు సరిహద్దులోని అడ్రే ఊరికి లారీల్లో చేరాలి. వానాకాలంలో వాగులు పొంగితే ఆ దారీ తెగిపోతుంది. ఆ కిరాయితో అక్కడే కొత్త దుప్పట్లు కొనొచ్చు.

డబ్బే పంపండి. 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయ్యాక సూడాన్ లోపల ఏ పేటవాళ్లు ఆ పేటలో ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్’ పేరుతో కలిసి వంటశాలలు నడుపుతున్నారు. జొన్నలు, పప్పు కొనడానికి వాళ్లకి కావాల్సింది నగదు. చాద్‌లో ఉన్నవాళ్లకైతే ఐరాస శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ వెబ్‌సైట్‌లో ఇక్కడి నుంచే విరాళం కట్టొచ్చు. ఒక్కరి ఫోన్‌పేలోకి అందరి డబ్బూ వేయించుకోకండి. ఎంత మంచివాడైనా లెక్కల దగ్గర మాట పడతాడు. ఎవరికి వారే కట్టి, రసీదు గ్రూపులో పెడితే సరి.

ప్రదర్శన మాత్రం పెట్టండి. 2022లో ఉక్రెయిన్ గురించి ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది, తెలిసినవాళ్ల పిల్లలెవరో అక్కడ మెడిసిన్ చదువుతుండేవాళ్లు. సూడాన్‌కి ఆ చుట్టరికం లేదు. అందుకే కొవ్వొత్తుల కంటే తెలుగులో ఒక పేజీ కరపత్రం, పైన మ్యాప్ ముఖ్యమంటాను. ‘శాంతి కావాలి’ అని ఊరుకోకుండా, పశ్చిమ సూడాన్‌లోని డార్ఫర్‌ ప్రాంతానికి ఆయుధాలు చేరకూడదని 2004లోనే ఐరాస భద్రతా మండలి పెట్టిన నిషేధాన్ని గట్టిగా అమలు చేయించమని మన ఎంపీకి వినతిపత్రం ఇవ్వండి. నగరంలో తరచూ సెక్షన్ 30 (ముందస్తు అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు పెట్టనివ్వని పోలీసు ఆంక్ష) ఉంటుంది కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ముందే అర్జీ పెట్టి, అనుమతి కాగితం చేతిలో ఉంచుకోండి.