పంచితే తరుగుతుందా?

సందేహం: నేను సైన్సు వ్యాసాలు తెలుగు చేస్తుంటాను. ‘మానవ జన్యు క్లోన్ల సేకరణలను శాస్త్రీయ పరిశోధనా సమాజంతో పంచుకోవడం’ అని రాస్తే, మా సంపాదకులు ‘పంచుకోవడం’ కొట్టేసి ‘పంచిపెట్టడం’ అని దిద్దారు. పంచుకుంటే ఆస్తిలా తరిగిపోయినట్టు వినిపిస్తుందట. ఏది సరి? ‘క్లోన్’కు తెలుగుమాట ఉందా? — ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ సంపాదకుల చెవి మంచిదే, చెయ్యే తొందరపడింది. తరుగుతుందని భయపడి ‘పంచుకోవడం’ తీసేసిన మనిషి ‘పంచిపెట్టడం’ ఎలా రాశారు? పంచుకుంటే మనకూ ఒక వాటా మిగులుతుంది. పంచిపెడితే ఆ మాత్రం కూడా మిగలకపోవచ్చు.

అయినా వారి భయం ఉత్తది కాదు. ‘పంచు’ అనే క్రియ ఇంటివాళ్లు ఎవరో చూడండి. తమిళంలో వాటాను ‘పంగు’ అంటారు. కన్నడంలో పంచడం ‘హంచు’. మన ‘పాలు’ అక్కడ ‘హాలు’ అయినట్టే ఇక్కడా పకారం హకారమైంది. మన ‘పగులు’ ఈ ఇంటిదే. వాటా అనే అర్థంలోని ‘పాలు’ కూడా ఇక్కడిదే. (‘పాలుపంచుకొను’లో ఉన్నవి తాగే పాలు అనుకునే పిల్లల్ని చూశాను, పెద్దల్నీ చూశాను.) అందరికీ మూలార్థం ఒకటే: చీలడం, ముక్కలు కావడం. ‘పగ’ కూడా ఈ చీలికలోంచే పుట్టిందని నా అనుమానం. ఆస్తి పంపకాలు చూసినవారెవరూ నాతో వాదానికి దిగరనుకుంటాను.

సంస్కృతంలోనూ ఇదే కథ. ‘భజ్’ అంటే పంచడం. భాగం, విభజన, మనం బడిలో వల్లించిన విభక్తి, అన్నీ దాని సంతానమే. ‘భక్తి’ కూడా అక్కడిదే, ఆ ముచ్చట మరోసారి. విద్యను పొగిడే పాత సుభాషితం దాన్ని ‘న భ్రాతృభాజ్యం’ అంటుంది, అన్నదమ్ములు పంచుకోలేనిది అని. ఖర్చుపెట్టేకొద్దీ పెరుగుతుందనీ అంటుంది. ‘భాజ్యం’లో తరుగుదల వినబడబట్టే కదా విద్య అది కాదని చెప్పాల్సివచ్చింది! ఇంగ్లీషువారి ‘షేర్’ కూడా గొర్రెల ఉన్ని కత్తిరించే ‘షియర్’కు చుట్టమే. వాళ్లదీ మొదట కోతే.

ఇక మీ క్లోన్ల దగ్గరికి వద్దాం. కణంలో జన్యువు ఆదేశాన్ని మోసే సందేశ ఆర్‌ఎన్‌ఏ నుంచి ఒక మానవ జన్యువుకు డీఎన్‌ఏ నకలు తీసి, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంలో అతికించి, ఈ-కోలి బ్యాక్టీరియాలో పెడతారు. ఆ నకలును మోసే బ్యాక్టీరియానే ఇక్కడ క్లోన్. అలాంటివి వేలకొద్దీ, 96 లేదా 384 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లేల్లో, మైనస్ 80 డిగ్రీల చలిలో దాచి ఉంచుతారు. ఎవరైనా అడిగితే అందులోంచి రవ్వంత గీకి పెంచి పంపుతారు. అమెరికాలో 1993లో మొదలైన ఇమేజ్ కన్సార్టియం అనే పరిశోధకుల కూటమి ఈ పద్ధతిలోనే లక్షల క్లోన్లను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. దాని వెనకే 1999లో క్షీరదాల జన్యువుల కోసం మరో ప్రభుత్వ సంచయం మొదలైంది.

నాకు ముచ్చటగా తోచింది ఆ గీకిన రవ్వ. అనుకూలమైన వేడిలో, పోషకాల్లో ఈ-కోలి ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. చీలిన ప్రతి సగమూ పూర్తి బ్యాక్టీరియానే, లోపల ఆ జన్యువు నకలుతో సహా. జీవశాస్త్రం పుస్తకాలు దీన్నే ‘కణవిభజన’ అంటాయి, అదే భజ్ ధాతువుతో. చీలడమే పెరగడమైన చోట ‘పంచు’ కన్నా తగిన క్రియ ఎక్కడ దొరుకుతుంది? మన పూర్వులకు బ్యాక్టీరియా తెలియదు, మాట మాత్రం అమిరింది.

కాబట్టి ‘పంచుకోవడం’ తప్పనలేను. కానీ ‘-కొను’ చేరితే పంచేవాడూ పుచ్చుకునేవారిలో ఒకడవ్వాలి. నాలుగు ప్రయోగశాలలు కలిసి క్లోన్లు తయారుచేసి వాడుకుంటే నిక్షేపంగా ‘పంచుకున్నాయి’ అనండి. ఒక భాండాగారం అడిగినవారికల్లా పంపుతుంటే ‘పరిశోధకులకు పంచుతోంది’ చాలు. ఈ తేడా ఇప్పుడు ఎవరికీ పట్టడం లేదు. ఫొటో పెట్టినా ‘పంచుకున్నారు’, జ్వరం వచ్చిందని చెప్పినా ‘పంచుకున్నారు’. జ్వరంలో నాకు వాటా ఎందుకయ్యా?

‘సేకరణ’ పోగుచేసే పని, పోగైనది ‘సంచయం’. ‘శాస్త్రీయ పరిశోధనా సమాజం’ అనేది ఇంగ్లీషు చొక్కా వేసుకున్న ‘పరిశోధకులు’, చొక్కా విప్పేయండి. ‘క్లోన్’ గ్రీకులో లేతకొమ్మ. 1903లో వెబర్ అనే వృక్షశాస్త్రవేత్త కొమ్మలతో, అంట్లతో పెంచిన మొక్కల కోసం ఆ మాట తెచ్చాడు. ఆ లెక్కన ‘అంటు’ దగ్గరి మాటే. ‘జన్యు అంట్లు’ అంటే మాత్రం గిన్నెలు గుర్తొస్తాయి, క్లోన్ అనే ఉంచండి.

ఇలాంటి క్లోన్ల సంచయానికి వాడే ‘జన్యు గ్రంథాలయం’ అనే మాటను ఒకప్పుడు నేనే ఎగతాళి చేశాను. 2003లో జపాన్ రైకెన్ సంస్థవారు ఎలుక జన్యు క్లోన్ల డీఎన్‌ఏను కాగితం మీద చుక్కలుగా అద్ది, నిజంగానే పుస్తకంగా కుట్టారు. చుక్క ఉన్నచోట కత్తిరించి, కరిగించి వాడుకోవడమే. అప్పటినుంచి ఆ మాట జోలికి పోవడం లేదు.

ఇంత చెప్పినా మీ సంపాదకులు ఒప్పుకోకపోతే ‘అందించడం’ అని రాసేయండి. కాస్త చప్పగా ఉంటుంది గానీ తప్పు పట్టలేరు.