ఎన్‌సీసీలో చేరాలనుకునే పిల్లలకు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. మా స్కూల్లో ఎన్‌సీసీ ఉంది. చేరాలంటే ఎవరిని అడగాలి? ఎంపికలో ఏం చూస్తారు? చేరితే తర్వాత సైన్యంలో తప్పకుండా పనిచేయాలా?
- ఒక విద్యార్థి, నల్గొండ జిల్లా

జవాబు: చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. అవసరం లేదు. విద్యార్థులకు సైనిక తరహా శిక్షణ ఇచ్చే ఎన్‌సీసీని (నేషనల్ క్యాడెట్ కోర్) 1948లో చట్టం చేసి పెట్టారు. 1960ల్లో కొన్నేళ్లు కాలేజీల్లో తప్పనిసరి చేసినా, ఇప్పుడు ఇందులో చేరడం పూర్తిగా స్వచ్ఛందం. క్యాడెట్‌ను ఎవరూ బలవంతంగా సైన్యంలోకి తీసుకోరు. ఇంట్లో వాళ్లకు ఈ భయం ఉంటే ఈ మాట చదివి వినిపించు.

ఇక చేరడం గురించి. స్కూలు విద్యార్థులకు జూనియర్ డివిజన్ ఉంటుంది, ఆడపిల్లలకైతే జూనియర్ వింగ్ అంటారు. 12 ఏళ్లు నిండి ఉండాలి, 18 ఏళ్ల 6 నెలలు దాటకూడదు. శిక్షణ రెండేళ్లు. పదో తరగతిలో పబ్లిక్ పరీక్షలుంటాయి కాబట్టి ఎనిమిదిలో చేరి తొమ్మిదితో ముగించడం మంచిది. అంటే నువ్వు సరైన సమయంలోనే అడుగుతున్నావు. మీ స్కూల్లో ఎన్‌సీసీ చూసే టీచర్‌ను ఏఎన్ఓ అంటారు, కొన్ని చోట్ల ఆ పని కేర్‌టేకర్ చూస్తారు. వెళ్లి కలవాల్సింది వాళ్లనే. స్కూళ్లు తెరిచిన మొదటి వారంలోనే పేరు ఇవ్వు. సీట్లు ఎన్నో యూనిట్ (మీ స్కూలును చూసే ఎన్‌సీసీ ఆఫీసు) నిర్ణయిస్తుంది. రెండో ఏడాది పూర్తిచేసిన వాళ్లు వెళ్లాకే ఖాళీలు వస్తాయి కాబట్టి ఆలస్యంగా వెళ్తే వచ్చే ఏడాది రమ్మంటారు.

కాగితాల విషయంలో ఎక్కువ మంది ఇరుక్కునేది బ్యాంకు ఖాతా దగ్గర. అలవెన్సులు నేరుగా ఖాతాలో పడతాయి గనుక ఖాతా నీ పేరుతోనే ఉండాలి, నాన్న ఖాతా పనికిరాదు. దానికి ఆధార్ అనుసంధానం అయి ఉండాలి. ఆధార్‌లో, స్కూలు రికార్డులో, పాస్‌బుక్‌లో పేరు ఒకే అక్షరాలతో ఉందో లేదో ఇప్పుడే చూసుకో. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం మాత్రమే ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. సర్టిఫికెట్ మీద తప్పు పేరు పడితే దిద్దించుకోవడానికి నెలలు తిరగాలి. ఇవి కాక ఫొటోలు, డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ పత్రం, తల్లిదండ్రుల సంతకంతో సమ్మతి పత్రం కావాలి. ఉబ్బసం, మూర్ఛ, గుండె సమస్య లాంటివి ఉంటే దాచొద్దు. ఎండలో పరుగెత్తించే చోట దాచిన జబ్బే ప్రమాదం.

ఎంపిక పద్ధతి ప్రతి స్కూల్లోనూ ఒకేలా ఉండదు. పరుగు, కొన్ని పుషప్‌లు, నాలుగు ప్రశ్నలు, చాలాచోట్ల ఇంతే. రోజూ పావుగంట పరుగు మొదలుపెడితే నెలలో తేడా కనిపిస్తుంది. పిల్లాడు రెండేళ్లు మానకుండా వస్తాడా లేదా అన్నదే ఏఎన్ఓలు ముఖ్యంగా చూస్తారు. హాజరు 75 శాతం లేకపోతే సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోనివ్వరు మరి.

ప్రశ్న: మా స్కూల్లో ఎన్‌సీసీ లేదు. పక్క స్కూలుకు వెళ్లి చేరొచ్చా?

జవాబు: మామూలుగా కుదరదు. యూనిట్ కేటాయించిన విద్యాసంస్థలో చదివే వాళ్లకే నమోదు ఉంటుంది. కావాలనుకుంటే మీ ప్రధానోపాధ్యాయుల ద్వారా దగ్గరలోని ఎన్‌సీసీ యూనిట్‌కు దరఖాస్తు పెట్టించండి. అది కదలడానికి సమయం పడుతుంది. ఈలోగా ఇంటర్ లేదా డిగ్రీకి కాలేజీ ఎంచుకునేటప్పుడు అక్కడ ఎన్‌సీసీ ఉందా, ఉంటే సైనిక, నౌకా, వైమానిక విభాగాల్లో ఏది ఉంది అని ముందే కనుక్కోండి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పది రోజుల క్యాంప్ అంటున్నారు. ఇంతవరకూ ఒక్కరోజు కూడా మమ్మల్ని వదిలి ఉండలేదు. పంపొచ్చా? ఏమేం సర్దాలి?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: పంపండమ్మా, అయితే కొన్ని అడిగి తెలుసుకుని పంపండి. క్యాంప్‌కు యూనిట్ నుంచి రాతపూర్వక ఉత్తర్వు ఉంటుంది. అందులో స్థలం, తేదీలు, క్యాంప్ కమాండెంట్ వివరాలు ఉంటాయి. ఆ కాగితం చూపించమని అడగడం మీ హక్కు. చూపించడానికి వెనకాడితే యూనిట్ ఆఫీసుకు నేరుగా ఫోన్ చేయండి. ఎన్‌సీసీ పేరు వాడుకుని బయటివాళ్లు నడిపే క్యాంపులూ ఉంటాయి కాబట్టి ఈ ఒక్క ఫోన్ మాత్రం మానొద్దు. ఆడపిల్లలతో పాటు మహిళా ఏఎన్ఓ గానీ, గర్ల్ క్యాడెట్ ఇన్‌స్ట్రక్టర్ గానీ ఉంటారు. రాత్రి పడకల దగ్గర ఎవరుంటారు, ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చెప్పాలి అన్నవి పేరుతో సహా అమ్మాయికి తెలిసి ఉండాలి.

సర్దేటప్పుడు రెండు జతల యూనిఫాం, పీటీ డ్రెస్, తెల్ల కాన్వాస్ బూట్లు, కనీసం ఐదు జతల సాక్స్, దుప్పటి, దోమతెర, కంచం, గ్లాసు, మగ్గు, టార్చి, సంచికి తాళం, సూదీ దారం పెట్టండి. శానిటరీ ప్యాడ్లు లెక్క కంటే ఎక్కువ పెట్టండి. ఇల్లు మారి, నిద్ర వేళలు మారి తేదీలు అటూ ఇటూ కావడం మామూలే. మందులు వాడుతుంటే డాక్టర్ చీటీతో సహా ఇవ్వండి. బంగారం వద్దు. అన్ని వస్తువుల మీదా పేరు రాయండి, ముఖ్యంగా సాక్స్ మీద. ఉతికి ఆరేశాక అందరివీ ఒకేలా ఉంటాయి.

మొదటి రెండు రోజులు ఏడుస్తుంది. మూడో రోజు ఫోన్ చేయడం మర్చిపోతుంది. ఎక్కువ మంది పిల్లల విషయంలో జరిగేది ఇదే.

ప్రశ్న: పరేడ్‌లో సావధాన్‌లో (కదలకుండా నిటారుగా) నిలబడితే కాసేపటికి కళ్లు తిరుగుతున్నాయి. మొన్న పడిపోయాను కూడా. నేను బలహీనంగా ఉన్నానా? మానేయమంటారా?
- ఒక క్యాడెట్, విజయనగరం

జవాబు: మానేయాల్సిన పనిలేదు. బాగా పరుగెత్తే పిల్లలు కూడా ఇలా పడిపోతుంటారు. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుంటూ వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తాయి. కదలకుండా నిలబడితే ఆ పని ఆగిపోయి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, మెదడుకు అందేది తగ్గుతుంది. దానికి ఎండ, ఖాళీ కడుపు తోడైతే పడిపోవడం ఖాయం. కొత్తవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. నిటారుగా కనిపించాలని మోకాళ్లను వెనక్కి బిగబట్టేస్తారు. అప్పుడు తొడ, పిక్క కండరాలు కాస్త కూడా కదలవు.

కాబట్టి మోకాలు నిటారుగానే ఉండాలి, బిగించొద్దు. బూటు లోపల వేళ్లను ముడుస్తూ చాపుతూ ఉండు. పిక్కలను బిగించి వదులుతూ ఉండు. ఇవి బయటికి కనిపించవు, ఏ ఇన్‌స్ట్రక్టరూ తప్పు పట్టరు. బరువు మడమల మీద కాకుండా పాదం ముందు భాగం వైపు కొద్దిగా ఉంచు. ఊపిరి బిగబట్టకు. పరేడ్‌కు అరగంట ముందు రెండు గ్లాసుల నీళ్లు, అంతకుముందు తప్పనిసరిగా ఏదో ఒక టిఫిన్. ఉదయం ఆరుకే పరేడ్ ఉంటే కనీసం అరటిపండు, పాలు.

చెవుల్లో గుయ్‌మని శబ్దం, చూపు మసకబారడం, చల్లని చెమట వస్తే ఇక ఓర్చుకోవద్దు. వెంటనే ఒక మోకాలి మీద కూర్చుండిపో. నిలబడినవాడు నిలబడినట్టే ముందుకు పడితే పళ్లు, గడ్డం పగులుతాయి. పక్కవాళ్లు చేయాల్సింది వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తడం, బెల్టు, కాలరు వదులు చేయడం. స్పృహ పూర్తిగా వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకూడదు. పరుగెత్తుతుండగా పడిపోయినా, గుండె దడ వచ్చి పడిపోయినా, ఇది మళ్లీ మళ్లీ అవుతున్నా డాక్టర్‌కు చూపించుకున్న తర్వాతే గ్రౌండ్‌కు వెళ్లాలి.

ప్రశ్న: కొత్త బూట్లు మడమ కొరికేస్తున్నాయి. బెరే (యూనిఫాం టోపీ) తలమీద పుట్టగొడుగులా నిలబడుతోంది. సీనియర్లు నవ్వుతున్నారు.

జవాబు: బూటు ముందు సైజు చూసుకో. పరేడ్ సాక్స్ వేసుకుని, లేసు విప్పి, బొటనవేలు ముందుకు ఆనించినప్పుడు మడమ వెనక ఒక వేలు పట్టాలి. పట్టకపోయినా, రెండు వేళ్లు పట్టినా స్టోర్‌లో మార్చమని అదే రోజు అడుగు. వాడాక మార్చరు. సరైన సైజు అయితే రెండు వారాల పాటు రోజూ అరగంట ఇంట్లో వేసుకుని తిరుగు. పొక్కు వస్తే గిల్లొద్దు. తడి సాక్స్‌తో పొక్కులు ఎక్కువవుతాయి కాబట్టి పరేడ్ అయిన వెంటనే మార్చుకో.

బెరేను గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండకుండా అరచేతులతో ఒత్తి నీరు తీసెయ్. తలకు పెట్టుకుని పట్టీని కనుబొమ్మల కంటే అంగుళం పైన, చుట్టూ సమంగా ఉంచు. బ్యాడ్జీ ఎడమ కన్ను పైకి రావాలి. మిగిలిన గుడ్డను కుడి చెవి వైపు లాగి అరచేత్తో అదుముతూ ఉండు. తలమీదే కాస్త ఆరనిచ్చి, ఆ ఆకారం చెడకుండా తీసి నీడలో పెట్టు. ఎండలో పెడితే ముడుచుకుపోతుంది. రెండు మూడు సార్లు ఇలా చేస్తే కూర్చుంటుంది.

ప్రశ్న: తేజ్ చల్ (కవాతు నడక మొదలుపెట్టమనే ఆదేశం) అనగానే నాకు ఎడమ కాలు, ఎడమ చెయ్యి కలిసి వెళ్తున్నాయి. ఎంత ప్రయత్నించినా అంతే.

జవాబు: చేతి మీద దృష్టి పెట్టడం వల్లే అలా అవుతోంది. మనిషి నడకలో ఎదురు చెయ్యి దానంతటదే కదులుతుంది. దాన్ని మనం నడిపించబోతే చెడుతుంది. ఖాళీ చోట మామూలుగా ఇరవై అడుగులు నడు. నడక ఆపకుండా పిడికిలి బిగించు, తర్వాత మోచేయి నిటారు చెయ్, చివరగా ఊపు ఎత్తు పెంచు. చెడిందంటే ఆగి మళ్లీ మామూలు నడక నుంచి మొదలుపెట్టు. ముందుకు పడేది ఎడమ కాలు, దానితో వెళ్లేది కుడి చెయ్యి. ఈ ఒక్కటి మాత్రం గుర్తుంచుకో.

ప్రశ్న: ఇంటర్ మొదటి ఏడాదిలో ఎన్‌సీసీ తీసుకున్నాను. ఆర్మీ ఆఫీసర్ కావాలని కోరిక. సి సర్టిఫికెట్ (ఎన్‌సీసీలో పై స్థాయి) ఉంటే రాత పరీక్ష లేకుండా తీసుకుంటారని విన్నాను. నిజమేనా?

జవాబు: సగం నిజం. డిగ్రీలో 50 శాతం మార్కులు, సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు ఉంటే ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేయొచ్చు. వయసు 19 నుంచి 25 లోపు ఉండాలి. యూపీఎస్సీ రాత పరీక్ష తప్పుతుంది గానీ ఎస్ఎస్‌బీ (సైనికాధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ తప్పదు. ఐదు రోజుల ఆ పరీక్షలో మొదటి రోజు వడపోతలోనే చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. ఒక బొమ్మ కాసేపు చూపించి కథ రాయమంటారు, తర్వాత గుంపులో దాని మీద మాట్లాడమంటారు. డ్రిల్ ఎంత బాగా వచ్చినా అక్కడ మార్కులు రావు. అగ్నివీర్ నియామకాల్లో ఎన్‌సీసీ సర్టిఫికెట్లకు బోనస్ మార్కులున్నాయి, అవెన్నో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూడాలి. ఎన్‌డీఏకు (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) మాత్రం ఎన్‌సీసీ అవసరమే లేదు. ఇంటర్ రెండో ఏడాదిలోనే రాయొచ్చు కాబట్టి నీకు అది దగ్గరి దారి. ఇప్పటి నుంచే లెక్కలు గట్టిగా చదువు.

నువ్వు ముందుగా చూసుకోవాల్సింది ఒకటుంది. కాలేజీ విద్యార్థుల విభాగమైన సీనియర్ డివిజన్ మూడేళ్లు. రెండేళ్ల హాజరు, ఒక క్యాంప్‌తో బి సర్టిఫికెట్ పరీక్ష రాస్తావు. సి కావాలంటే బి పాసై, మూడో ఏడాది శిక్షణతో పాటు ఇంకో క్యాంప్ చేయాలి. ఇంటర్ రెండేళ్లకే అయిపోతుంది కాబట్టి ఆ మూడో ఏడాది డిగ్రీ కాలేజీలో చేయాల్సి వస్తుంది. ఆ కాలేజీలో ఎన్‌సీసీ, అందులోనూ నీ విభాగమే లేకపోతే బి దగ్గరే ఆగిపోతావు. ఇంటర్ పూర్తికాగానే పాత యూనిట్ నుంచి నీ హాజరు, క్యాంప్ వివరాలు, బదిలీ కాగితాలు చేతికి తీసుకో. టీసీ తీసుకున్న నెల తర్వాత వెళ్తే రికార్డు వెతకడానికే వారాలు పడుతుంది.