అన్నగారి కోసం ఎదురుగాలిలో

"మేం కాలిఫోర్నియాలో ఉంటాం. పెళ్ళై 14 ఏళ్ళు. మావారు పోయినేడు 30 అడుగుల సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ కొన్నారు. బాబుని స్నేహితుల ఇంట్లో వదిలి, ఇద్దరం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాంటాక్రూజ్ వెళ్ళాం. వెళ్ళేటప్పుడు హాయిగా ఉంది. తిరిగొచ్చే రోజు వాతావరణ శాఖ చిన్న పడవలకి హెచ్చరిక ఇచ్చింది. పక్క పడవలవాళ్ళు ఆగిపోయారు. మర్నాడు ఇండియా నుంచి బావగారు, అక్క దిగుతున్నారని ఈయన బయల్దేరదీశారు. పధ్నాలుగు గంటలు నరకం. వాంతులు, ఏడుపు. వెనక్కి తిప్పమంటే అరిచారు. అర్ధరాత్రి హాఫ్‌మూన్ బే చేరాం. పడవ అక్కడే కట్టేసి పొద్దున టాక్సీలో ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. బావగారితో మాత్రం 'తనకి పడలేదన్నయ్యా, అందుకే మధ్యలో ఆపేశాం' అన్నారు. సెప్టెంబరులో మళ్ళీ వెళ్దామంటున్నారు. సముద్రమంటే నా భయం పోయేదెలా?"

అమ్మా, మీ ఉత్తరాన్ని పైన కుదించి ఇచ్చాను, మిగతా సంగతులు మధ్యమధ్యలో చెప్తాను. ముందు భయం సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి పడవ ఎక్కకముందే వేసుకోండి, తిప్పడం మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. కింద గదిలో ముడుచుకుని పడుకోకండి, పైన కూర్చుని దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూడండి. అయిపోయింది. ఇది మీ సమస్య కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ టాక్సీ. శాంటాక్రూజ్ నుంచి ఎయిర్‌పోర్టుకి రోడ్డు మీద గంట, మహా అయితే గంటన్నర. పడవ అక్కడే వదిలేసి శనివారం సాయంత్రం హాయిగా ఇంటికి రావచ్చు. హాఫ్‌మూన్ బేలో చేసిన పనే అక్కడా చేయొచ్చు. మరెందుకు చేయలేదు? అన్నగారు దిగేసరికి పడవ దాని చోట ఉండాలి, తమ్ముడు దాన్ని తనే నడుపుకొచ్చి ఉండాలి. ఆ తీరంలో వేసవి గాలి ఎక్కువగా వాయవ్యం నుంచే వీస్తుంది. దక్షిణానికి వెళ్ళేటప్పుడు వీపు తడుతుంది, తిరిగొచ్చేటప్పుడు చెంప మీద కొడుతుంది. పడవ కొన్నవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

నాది కాకినాడ. రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేస్తే సముద్రం ఆనుపానులు తెలిసినవాళ్ళే వేట మానుకుని వలలు బాగు చేసుకుంటూ కూర్చోవడం చూస్తూ పెరిగాను. పూట గడవాల్సినవాళ్ళే ఆగితే, సరదాకి వెళ్ళిన మీ ఆయన ఆగలేకపోయాడు.

తండ్రి పోయాక బావగారే చదివించారని, ఫీజులు కట్టారని రాశారు. ఆ రుణం నిజం, దాన్ని నేను తక్కువ చేయను. అన్న కాళ్ళకి దండం పెట్టే తమ్ముడంటే నాకు గౌరవమే. కానీ 45 ఏళ్ళ మనిషి ఇంకా అన్నగారికి ప్రోగ్రెస్ కార్డు చూపిస్తున్నాడు, అందులో మార్కులు తగ్గితే ఆ తప్పు పెళ్ళాం మీద రాస్తున్నాడు. బాకీ ఆయనది, కట్టేది మీరు. పడవ చూసి బావగారు అన్నదేమిటి? "ఏసీ లేదేంట్రా?" అంతేగా! దానికోసమా పధ్నాలుగు గంటలు!

మీరూ తక్కువ తినలేదు. ఇల్లు కొన్నప్పుడూ, బాబు పేరు పెట్టినప్పుడూ "బావగారి మాట కదా" అని ఊరుకున్నానని మీరే రాశారు. శాంటాక్రూజ్‌లోనూ ఊరుకున్నారు. నోరు తెరిచింది సముద్రం మధ్యలో, గాలి 25 నాట్లు దాటాక. (వరి నాట్లు కావు, గంటకి 46 కిలోమీటర్ల గాలి.) అక్కడ ఇద్దరు నాయకులు కుదరరు. నడిపేవాడి మాట వినాల్సిందే. ఆయన అరిచింది తప్పే, కానీ అప్పటికే ఆలస్యమైంది. మాట్లాడాల్సింది ఒడ్డున, తాడు విప్పకముందు. ఇద్దరిలో ఎవరు "వద్దు" అన్నా ఆ రోజు పడవ కదలకూడదు, కారణం అడగకూడదు. దీనికి ఆయన ఒప్పుకుంటేనే సెప్టెంబరు మాట. ఆ వారంలో ఇంటికి చుట్టాలెవరూ రాకూడదు. ఫలానా రోజుకి చేరాలన్న పట్టుదల సముద్రం మీద మహా చెడ్డది.

ఇంకొకటి. ఉత్తరం చివర్లో ఒక వాక్యం విసిరేసి వెళ్ళారు: పిజియన్ పాయింట్ లైట్‌హౌస్ రెండు గంటలసేపు ఉన్నచోటే ఉన్నట్టు కనిపించిందని, ఆయన పెద్ద తెరచాప సగం దించి కడుతుంటే చుక్కాని పిడి మీరే పట్టుకున్నారని, చేతులు బొబ్బలెక్కాయని. వాంతులు చేసుకుంటూ, అలకి ఎదురుగా పడవని నిలబెట్టింది మీరు. మీరు పిడి వదిలేస్తే పడవ అడ్డం తిరిగేది, తెరచాప దగ్గర నిలబడ్డ ఆయన సంగతేమయ్యేదో మీకంటే ఆయనకే బాగా తెలుసు. ఈ ముక్క అన్నగారికి ఎందుకు చెప్పలేదు?

చెప్పాలి. మీరు కాదు, ఆయనే. పోట్లాడకండి, మళ్ళీ ఏడవకండి. బొబ్బల మచ్చలు ఇంకా ఉంటే చూపించి, "మీ అన్నయ్యకి జరిగింది జరిగినట్టు చెప్పండి, అప్పటిదాకా నేను పడవెక్కను" అనండి. గొణుగుతారు, రెండ్రోజులు మాట్లాడరు. ఆ మౌనం మీరు పధ్నాలుగేళ్ళుగా భరిస్తున్నదాని ముందు ఎంత?

బావగారు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారన్నారు కదా. ఈసారి స్పీకర్‌లో పెట్టమనండి, మీరు పక్కనే కూర్చోండి.