ఇండికస్, ఇండికా, ఇండికమ్

సందేహం: శాస్త్రీయ నామాల్లో మూపురపు ఎద్దు 'బోస్ ఇండికస్', చింత 'టామరిండస్ ఇండికా', నువ్వు 'సెసమమ్ ఇండికమ్'. ఇవి మూడు మాటలా, ఒకటేనా? కొందరు చింతకూ ఇండికస్ అనే రాస్తున్నారు. ఏది ఒప్పు?
– ఒక వృక్షశాస్త్ర విద్యార్థిని

సమాధానం: మాట ఒకటే, రూపాలు మూడు. మన తెలుగు 'మంచి' ఎవరి పక్కన నిలబడినా మారదు గాని, లాటిన్ విశేషణం సంస్కృతంలో లాగే విశేష్యాన్ని అనుసరించి మారుతుంది. నవః, నవా, నవమ్ వచ్చినవారికి నోవుస్, నోవా, నోవుమ్ వేరే నేర్పాలా? మూలమూ ఒకటే, అర్థమూ ఒకటే. టామరిండస్ చివరి 'అస్' చూసి పుంలింగమనుకోవడం పప్పులో కాలేయడమే. లాటిన్‌లో చెట్ల పేర్లు చాలావరకు స్త్రీలింగాలు. రావిచెట్టు 'ఫైకస్ రెలిజియోసా' అయిందీ అందుకే. ఈ మాత్రం విచారించకుండా అచ్చు వేసేవారిని ఏమనాలి?

ఇక అసలు రుచి వ్యుత్పత్తిలో ఉంది. మన సింధువు పారశీకుల నోట 'హిందు' అయింది. చిన్న ఆసియా (నేటి టర్కీ) తీరపు గ్రీకులు హకారం పలకరు. వారికి అది 'ఇందోస్'. దానికి 'ఇకోస్' చేర్చి 'ఇందికోస్' అన్నారు. ధార్మిక, వార్షిక పదాల్లోని మన 'ఇక' ప్రత్యయానికి అది జ్ఞాతి. రోమనులు దాన్నే 'ఇండికుస్' చేసుకున్నారు. అంటే సింధువుకు చెందినది. ఇదే అర్థానికి సంస్కృతం చేసిన విశేషణం సైంధవం! ఉప్పుకూ గుర్రానికీ ఆ పేరు అలా వచ్చిందే. సింధుదేశపు రాజు గనుక జయద్రథుడు సైంధవుడు. పాండవులను పద్మవ్యూహం బయట నిలిపేసిన పాపానికి, ఇప్పటివారి నోట ఆ మాటకు అడ్డుపడేవాడన్న అర్థమొక్కటే మిగిలింది. ఇంట్లో సైంధవలవణం వాడుతూ కూడా ఈ చుట్టరికం గుర్తించరు.

నపుంసక రూపం 'ఇండికుమ్' ఒంటరిగా నిలిస్తే నీలిమందు. ఇండిగో దాని సంతానమే.

చింత సంగతి మరీ తమాషా. అరబ్బులు దాన్ని 'తమ్ర్ హిందీ', హిందూదేశపు ఖర్జూరం అన్నారు. టామరిండస్ అందులోంచే పుట్టింది. పేరులో అప్పటికే హిందూదేశం ఉండగా 1753లో శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ పండితుడు లినేయస్ పక్కన ఇండికా కూడా తగిలించాడు, మనవాళ్ల 'నడిసెంటరు' లాగా. తీరా చూస్తే చింత పుట్టిల్లు ఆఫ్రికా!

'ఇండికా' అని దీర్ఘం ఉండాలా అంటారేమో. లాటిన్ ప్రథమా విభక్తిలో అది హ్రస్వమే, కాబట్టి 'ఇండిక' మేలు. దీర్ఘం తృతీయా పంచమ్యర్థాల రూపానిది. అయితే పాఠ్యపుస్తకాల్లో దీర్ఘం పాతుకుపోయింది; పరీక్షలో మాత్రం మీ అధ్యాపకులు రాసినట్టే రాయండి.